నా వైపున్న క్లచ్

1998 ఫిబ్రవరి 9, సోమవారం

ఈ ఇంట్లో నేను గట్టిగా మాట్లాడితే అత్తయ్యకు నచ్చదు, మాట్లాడకపోతే ఆయనకు నచ్చదు. ఇద్దరి జోలీ లేకుండా ఇక్కడ రాసుకుంటాను. పిల్లల పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను తప్ప ఇంట్లో ఇంకోటి దొరకలేదు. రాసిందల్లా తప్పులా కనిపిస్తోంది.

ఆయనకు ఇవాళ జైపూరు కాలు బిగించారు. ఎడమ కాలికి, మోకాలి కింద నుంచి. ఆయన ఛాయ కంటే అది కాస్త తెలుపు. అత్తయ్య వంగి చూసి, "పోనీలే చెంగా, ఒక కాలికన్నా మీ నాయన రంగు వొచ్చింది" అంది. ఆయన నవ్వలేదు. నేను నవ్వాను. తర్వాత వంటింట్లోకి వెళ్లి ఏడ్చాను.

పదహారేళ్లు తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపిన మనిషి. ఆయన బండిలో గేరు ఎప్పుడు మారిందో కూర్చున్నవాళ్లకు తెలిసేది కాదు. వాంతులవుతాయని చేతిలో నిమ్మకాయ పట్టుకుని ఎక్కిన ముసలమ్మలు అలిపిరి దాటగానే నిద్రపోయి, కొండ మీద కండక్టరు లేపితే లేచేవాళ్లు. ఇప్పుడు డిపోలో కూర్చునే పని ఏదైనా ఇస్తామంటున్నారు. "సూస్తాంలే" అంటాడు. చూడడు.

ఫిబ్రవరి 14

మా హెడ్మిస్ట్రెస్ భారతమ్మగారు ఇంటికి వచ్చారు.

"రేవతీ, సెలవు ఇంగ పొడిగించేదానికి లేదమ్మా. జూన్‌లో బడి తెరిచే దినానికి వచ్చి చేరితే సరి. లేకుంటే నీ జాగాలో ఇంకొకర్ని వేస్తారు, నిన్ను సత్యవేడు పక్క యాడికో పంపిస్తారు. అప్పుడు నా మాట వినేవాళ్లు ఉండరు" అన్నారు.

"ఆయన్ను ఒక్కణ్ణే వదిలి ఎట్ల వచ్చేది మేడం?" అన్నాను.

ఆవిడ వసారాలోకి చూశారు. ఆయన కొత్త కాలు చాపుకుని కూర్చుని, కిరసనాయిలు స్టవ్ విప్పి బాగుచేసి, దాని మీదే వాళ్లమ్మకు టీ కాచి ఇస్తున్నాడు. ఆవిడ తిరిగి నన్ను చూశారు. కాఫీ తాగి వెళ్లిపోయారు.

పన్నెండేళ్లుగా అదే బడి నాది. చంద్రగిరి దాటి నాలుగు మైళ్లు. మూడో తరగతికి ఎక్కాలు పాటలా చెప్పడానికి నేనే ఒక వరస కట్టాను. ఆ ఊళ్లో పెళ్లిళ్లయిన ఆడపిల్లలు కూడా సంతలో లెక్క చూసుకోవాలంటే లోలోపల ఆ వరసే పాడుకుంటారు. మాకు పిల్లలు లేరు. ఆ లోటు గురించి నేను పెద్దగా ఆలోచించకపోవడానికి కారణం ఆ బడే. దాన్ని వదులుకోను. జూన్‌కు ఇంకా చాలా టైముంది.

ఫిబ్రవరి 20

ఊరికే బస్టాండు దాకా నడిచాను. చంద్రగిరి బస్సు నిలబడి ఉంది, ఖాళీగా కూడా ఉంది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. సరిగ్గా అప్పుడే పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన సంగతి గుర్తొచ్చింది. పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చేశాను.

ఫిబ్రవరి 21

నిన్న పాలవాడు రాలేదు.

మార్చి 3

మా చెల్లెలు రేణిగుంటలో ఇల్లు కట్టుకుంది. గృహప్రవేశానికి వెళ్లలేదు. ఆయన్ను వదిలి ఎలా వెళ్తాను? ఆయన మాత్రం వాళ్లమ్మను వెంటబెట్టుకుని బస్సెక్కి వెళ్లి, భోంచేసి, నాకు బూందీ పొట్లం తెచ్చాడు.

అక్టోబరు నుంచి నేను ఎక్కడికైనా నడిచే వెళ్తున్నాను. ఒంటికి మంచిది. "ఏమ్మే, కొండకు నడిచి పోతావు, సరే. బడికి కూడా నడిచే పోతావా?" అని అడిగింది అత్తయ్య. ఈ మనిషికి ప్రతిదీ పెద్దది చేసి మాట్లాడటం అలవాటు.

అక్టోబరు సంగతి రాయను. బుల్లెట్, చెరుకు లారీ. అంతే.

మార్చి 12

ఆయన ఇవాళ నవ్వాడు. ఇంట్లో కాదు, చిన్నబ్బ షెడ్డులో.

మా వీధి చివర షెడ్డు మెకానిక్ చిన్నబ్బది. ఆయన్ను అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు, ఇద్దరి మాటా వినడు. చిత్తూరులో మామిడి గుజ్జు ఫ్యాక్టరీ ఓనరు ఒకాయన మోజుపడి ఒక కారు తెప్పించుకున్నాడట. కారంటే కారు కాదు, కారు ముక్కలు. గొట్టాల చట్రం, ఫైబరు తొడుగు, నాలుగు చిన్న చక్రాలు. మోటారు సైకిల్ ఇంజను ఏదైనా తెచ్చి మనమే వెనకాల బిగించుకోవాలట. ఓనరుకు మోజు తీరిపోయి, ముక్కలన్నీ షెడ్డులో దుమ్ము పట్టి ఉన్నాయి. "తీసుకో అన్నా, ఎలకలన్నా ఖాళీ చేస్తాయి" అన్నాడు చిన్నబ్బ.

ఇంజను ఎక్కడిదంటే, మా పెరట్లో గోనెపట్టా కింద ఉన్న బుల్లెట్‌దే. ముందు చక్రం వంగిపోయినా ఇంజను బాగానే ఉంది. సాయంత్రం నలుగురు కలిసి దాన్ని మోసుకుపోయారు. పెరట్లో అది ఉన్న చోట గడ్డి పచ్చగా, పొడుగ్గా ఉంది.

అత్తయ్య ఆ తొడుగు చూసి "గుడ్డు పెంకు మాదిరి ఉండాది" అంది.

మార్చి 27

ఇంజను స్టార్ట్ చేశారు. వీధి చివర నుంచి ఆ గుడుగుడు నా చెవిన పడింది. నేను బియ్యం ఏరుతున్నాను. చాట కింద పెట్టి, స్నానాల గదిలోకి వెళ్లి కొళాయి తిప్పి చాలాసేపు నిలబడ్డాను. చప్పుడు వినలేక కాదు, బకెట్ నిండాలి కదా.

ఏప్రిల్ 2

ఆయన అన్నం ముట్టలేదు. కంచం పక్కకు జరిపి చెప్పాడు.

"ఆ కాలికి పెడలు యాడుండాదో తెలీదు రేవతీ. తొక్కినానో లేదో కూడా తెలీదు. కిందికి సూసుకుని తొక్కాల. నేను కిందికి సూస్తే రోడ్డు ఎవురు సూస్తారు?"

ఎడమ కాలు లేకపోతే క్లచ్ లేదు, క్లచ్ లేకపోతే గేరు లేదు. ఈ మాత్రం నాకూ తెలుసు. బండి కట్టేటప్పుడు ఇద్దరు మగవాళ్లకూ ఇది తట్టకపోవడమే వింత. తట్టినా ఒకరికొకరు చెప్పుకోలేదేమో.

ఏప్రిల్ 4

చిన్నబ్బ క్లచ్ పెడల్ పీకి, పక్క సీటు కిందికి మార్చాడు. పెడల్ నుంచి ఇంజను దాకా కేబుల్ లాగాడు. ఇప్పుడు డ్రైవరు గేరు మారుస్తాడు, పక్కన కూర్చున్న మనిషి క్లచ్ తొక్కాలి.

"పక్కన ఎవురు కూర్చుంటారు?" అన్నాడు ఆయన, ఎటో చూస్తూ.

"నేను కూర్చుంటా" అంది అత్తయ్య, వక్క నములుతూ.

చివరికి అందరూ చూసింది నా వైపే. "అది కదలదు కదా?" అని అడిగాను.

"వెనక చక్రాలు ఇటికరాళ్ల మీద లేపి పెట్టినా వదినా. యాడికి పోతాది?"

కదలనిది వాహనం ఎలా అవుతుంది? ఇనప మంచం లాంటిది. ఎక్కి కూర్చున్నాను.

ఏప్రిల్ 9

రోజూ సాయంత్రం షెడ్డులోనే. చక్రాలు గాల్లో తిరుగుతుంటాయి, నేను ఎడమ కాలితో తొక్కుతుంటాను. ఆయన పద్ధతి ఆయనది. తొక్కు, వదులు, మళ్లీ తొక్కు, వదులు. ఒక గేరుకు రెండుసార్లు. ఘాట్ బస్సులకు అంతేనట. మొదటి తొక్కుకు గేరు విడిపించి మధ్యలో ఆపాలి, రెండో తొక్కుకు తర్వాతి గేరులోకి పోవాలి. అలా చేస్తేనే గేరు పళ్లు కొట్టుకోకుండా మెత్తగా పడుతుందట.

ఎక్కడ మెత్తగా? ఇంజను ఒక్కసారి ఊళ పెడుతుంది, తర్వాత కరకరా ఏదో నములుతుంది. "నువ్వు లేటుగా తొక్కినావు" అంటాడు. "మీరు తొందరగా లాగారు" అంటాను. చిన్నబ్బ బీడీ ముట్టించుకుని బయటికి వెళ్లిపోతాడు.

ఏప్రిల్ 19

నాకు చెప్పకుండా ఇటుకలు తీసేశారు.

రైల్వే గేటు అవతలి మైదానానికి బండిని తోసుకుపోయి, నన్ను కూర్చోబెట్టారు. ఎప్పటిలాగే తొక్కి వదిలాను. అది కదిలింది. నేను అరిచాను. ఎంత గట్టిగా అరిచానంటే, అక్కడ మేస్తున్న గేదెలన్నీ తల ఎత్తాయి. దిగి, చెప్పులు కూడా వదిలేసి ఇంటికి వచ్చేశాను. నేను భయపడలేదు. చెప్పకుండా చేసినందుకు కోపం, అంతే.

ఏప్రిల్ 20

చెప్పుల కోసం వెళ్లాను. ఆయన ఒక్కడే బండిలో కూర్చుని ఉన్నాడు. పక్క సీటు మీద మా ఇంటి దుప్పటి నాలుగు మడతలు వేసి పరిచి ఉంది, నా చెప్పులు కింద జతగా పెట్టి ఉన్నాయి. ఎప్పటి నుంచి అలా కూర్చున్నాడో ఏమో, చొక్కా అంతా చెమట.

"చెప్పకుండా చేసింది తప్పే" అన్నాడు. "చెప్పింటే నువ్వు వచ్చేదానివి కాదు."

కూర్చున్నాను. ఒకటో గేరు మాత్రమే అన్నాను. సరేనన్నాడు. మైదానం చుట్టూ నత్తలా తిరిగాం. కాలు పెడల్ మీద, చెవి ఇంజను మీద ఉంటే తలలోకి ఇంకేదీ రావడం లేదు.

ఈ బండికి వెనక్కి పోయే గేరు లేదు. మోటారు సైకిల్‌కు ఉండదు కదా. గోడ అడ్డం వచ్చిన ప్రతిసారీ నేను దిగి ముందు నుంచి తోయాలి. ఇంత చదువు చదివింది ఇందుకే అనుకుంటాను.

ఏప్రిల్ 26, ఆదివారం

ఇద్దరం మాట్లాడుకోవడం లేదు. ఎందుకో రాస్తాను.

రెండో గేరు దాకా వచ్చాం. పొద్దున్నుంచి కుదుపులే కుదుపులు. నా తల ముందుకూ వెనక్కూ ఊగి మెడ పట్టేసింది. ఆయన ఉన్నట్టుండి, "బడిలో నలభై మంది పిల్లోళ్లను అణిచిపెడతావే, ఒక పెడలు తొక్కేదానికి రాదా నీకు?" అన్నాడు.

ఎండ, ధూళి, మెడ నొప్పి. పైగా ఈ మాట. నేను ఒక్కసారి తొక్కాను. అంతే, ఒకే ఒక్కసారి, కోపంగా, పట్టుమని. వదిలేసి చేతులు కట్టుకుని కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. రెండోసారి తొక్కితే ఒట్టు అనుకున్నాను.

గేరు పడింది. చప్పుడు లేదు, కుదుపు లేదు. బండి అలా ముందుకు సాగిపోయింది.

మైదానం చివరి దాకా అలాగే పోయాం. ఆయన బండి ఆపి, స్టీరింగ్ మీద తల ఆన్చాడు. "ఇది బస్సు కాదే" అన్నాడు. "మోటారు సైకిల్ గేర్లు పక్కపక్కనే ఉంటాయి. నడాన నిలిచే జాగా లేదు. ఒక తూరి తొక్కితే చాలు. నాకు తెలీదా? ఇరవై ఏండ్లు బుల్లెట్ తోలినా. ఈ సీట్లో కూర్చోంగానే ఘాట్ రోడ్డు గుర్తుకొచ్చేస్తాది. కాలు పోయింది గానీ దాని బుద్ధి నా తలకాయిలో మిగిలిపోయింది."

నేను చెయ్యి ఆయన వీపు మీద వేశాను. మాట్లాడుకోవడం లేదని రాశాను కదా. అది కోపంతో కాదు. మాట్లాడితే ఇద్దరం ఏడుస్తామని.

మే 3

ఇప్పుడు పద్ధతి మారింది. ఆయన గేరు రాడ్డు మీద ముందే చెయ్యి వేసి, రవ్వంత ఒత్తి పెట్టి ఉంచుతాడు. యాక్సిలరేటర్ మీద కాలు కాస్త తేలిక చేస్తాడు. ఆ క్షణంలో ఇంజను ఊపిరి బిగబట్టినట్టు అవుతుంది. అప్పుడు నేను ఒక్కసారి, మెత్తగా తొక్కుతాను. రాడ్డు దానంతటదే పోతుంది. తొక్కు, వదులు అని ఎవరూ అరవక్కర్లేదు. మూడో గేరు కూడా పడింది.

ఇవాళ ఒక సంగతి రాసేస్తాను. ఎన్నాళ్లని దాస్తాను, చదివేది నేనే కదా.

ఆయన కోసం కాదు నేను బడి మానింది. నాకు భయం. ఆ రోజు బుల్లెట్ వెనక నేను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. చెరుకు లారీ మోకులు తెగి, గడలు దొర్లి మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాను. ఎగిరి గడ్డిలో పడ్డాను. నా చీర కూడా చిరగలేదు. ఆయన కాలు బండి కింద ఉంది. అప్పటి నుంచి, ఎవరో నడుపుతుంటే నేను ఊరికే కూర్చోవడం అనేది తలచుకోవడానికి కూడా నా చేత కావడం లేదు. ఈ గుడ్డు పెంకులో నేను ఊరికే కూర్చోవడం లేదు. పని చేస్తున్నాను. అందుకే ఎక్కగలుగుతున్నాను.

ఆయనకు చెప్పలేదు. ఆయన అడగలేదు.

మే 10, ఆదివారం

రోడ్డెక్కాం! చంద్రగిరి రోడ్డు. అలవాటు చేసుకుంటే జూన్‌లో ఇందులోనే బడికి పోవచ్చని ఆయనే అన్నాడు. నేను మొహమాటానికి "చూద్దాం" అన్నాను గానీ, మనసులో గంట కొట్టేశారు, పిల్లలంతా వరసలో నిలబడ్డారు.

ఊరి చివర పోలీసాయన ఆపాడు. నంబరు లేదు, ఆకారం లేదు, ఇదేం బండి అన్నాడు. తర్వాత లోపలికి వంగి, "చెంగయ్యన్నా, నువ్వా! మా అమ్మ నీ బండైతేనే కొండకు వస్తాననేది" అని వదిలేశాడు.

తొండవాడ దగ్గర వెనక నుంచి టప్పుమని ఏదో చప్పుడు. ఉలిక్కిపడ్డాను. "రాయి తగిలిండాదిలే" అన్నాడు. అప్పటిదాకా నేను ఎక్కాల వరస పాడుతున్నానట. పాడుతున్న సంగతి నాకే తెలియదు. "ఏల నిలిపినావు? పాడు, పాడు" అన్నాడు. పాడుతూ తొక్కాను.

ఆ తర్వాత ఇల్లు చేరేదాకా గేర్లు వెన్నలో వేలు పెట్టినట్టు పడ్డాయి. నా కాలికి పనితనం వచ్చేసింది. చెప్పుకోకూడదు గానీ, వచ్చేసింది.

మే 12

చిన్నబ్బ గేరు రాడ్డుకు ఒక చిన్న చేతి లివరు బిగించాడు. అదేమిటంటే "చోక్ వదినా, చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ అయ్యేదానికి" అన్నాడు. మే నెలలో, తిరుపతిలో చల్లదనం ఎక్కడ చూశాడో. మగవాళ్లకు బండి దొరికితే ఏదో ఒకటి తగిలిస్తూనే ఉంటారు.

జూన్ 15, సోమవారం

చేరాను.

మేం వెళ్లేసరికి భారతమ్మగారు గేటు దగ్గరే ఉన్నారు. బండిని చూసి నోరు తెరిచారు, నన్ను చూసి మూశారు. నా చెయ్యి పట్టుకుని, "సంతకం పెట్టు ముందు, తర్వాత మాట్లాడదాం" అన్నారు. పిల్లలు బండి చుట్టూ మూగి, నన్ను మర్చిపోయి హారన్ కొట్టమని ఆయన్ను అడిగారు.

మూడో తరగతి గదిలో సుద్దముక్క పట్టుకున్నాను. రెండో ఎక్కం మొదలుపెట్టాను. వెనక బెంచీ వాళ్లు వరస తప్పారు. తిట్టాను. ఎంత హాయిగా ఉందో.

జూన్ 24

రోజూ ఆయనే దించి, సాయంత్రం వచ్చి ఎక్కించుకుంటున్నాడు. నేను లేకుండా మరి ఒంటరిగా ఎలా వచ్చి పోతున్నారని అడిగాను. "చిన్నబ్బ కూర్చుంటాడు. ఊరి మొదట దిగి టీ తాగతా ఉంటాడు" అన్నాడు. పాపం చిన్నబ్బ, షెడ్డు వదులుకుని.

అత్తయ్య ఊరంతా చెప్పుకుంటోంది: "మావోడికి రెండు కాళ్లు పోలేదు. ఒకటి పోయింది, మా కోడలి కాలు వచ్చింది." మొహం మీద చెప్పదు గానీ, ముసలావిడకు నేనంటే ఇష్టమే. నాకు చాలా గర్వంగా ఉంది. నేను లేకపోతే ఆయన బండి కదలదు.

జూలై 3, శుక్రవారం

ఇవాళ బడిలో తనిఖీ. పొద్దున్నుంచి నిలబడే ఉన్నాను. తిరిగి వచ్చేటప్పుడు వాన తుంపర, చల్లగాలి. తొండవాడ వంతెన చూసినట్టు గుర్తు. కళ్లు తెరిచేసరికి మా ఇంటి ముందు ఉన్నాను.

నిద్రపోయాను. బండిలో!

"కాలు పెడలు మీద లేదే, మరి గేర్లు?" అన్నాను.

"నిద్రలో కూడా బాగానే తొక్కినావులే" అన్నాడు, కాలు సర్దుకుంటూ దిగుతూ.

పొంగిపోయాను. బియ్యం కడుగుతూ ఇంకా పొంగిపోతూనే ఉన్నాను. ఎసట్లో పోసేటప్పుడు చెయ్యి ఆగింది. తొండవాడ నుంచి మా ఇంటికి ఎన్ని మలుపులు, ఎన్ని బర్రెలు, రైల్వే గేటు! నిద్రలో ఏ మనిషి తొక్కగలడు?

వాన తగ్గాక వెళ్లి సీటు కిందికి వంగి చూశాను. నా పెడల్‌కు ఒక స్ప్రింగు ఉంది. ఒత్తితే గట్టిగా, వదిలితే పైకి వచ్చేట్టు. కేబుల్ మాత్రం పెడల్ దాకా రాలేదు. తెగిన కొన చుట్ట చుట్టి, పురికొసతో శుభ్రంగా కట్టి ఉంది. ముడి మీద అంగుళం మందాన దుమ్ము.

జూలై 4

చిన్నబ్బను నిలదీశాను. మొదట స్పానరు కోసం వెతికాడు. తర్వాత చెప్పాడు.

"ఆ పొద్దు తొండవాడ కాడ తెగిపాయె వదినా. అన్న అట్లనే ఇంటిదాకా తెచ్చినాడు, క్లచ్ లేకుండానే. పోతా ఉండే బండికి ఇంజను సద్దు పట్టుకుని, రవ్వంత యాక్సిలరేటర్ వదిలి, గేరు రాడ్డు ఒత్తితే గేరు దానంతటదే పడతాది. బైకు గేర్లకు ఆ వసతి ఉండాది. నిలబడి లేచేదానికి మాత్రం క్లచ్ కావాల. దానికే ఆ చేతి లివరు."

"చోక్ అన్నావే."

"అన్న అట్ల చెప్పమన్నాడు. కేబులు మారుస్తా అంటే వద్దన్నాడు. 'ఆమె పాడతా ఉండాది చిన్నబ్బా, గమ్మున ఉండు' అన్నాడు."

చిన్నబ్బ ఒక్క రోజు కూడా బండిలో వచ్చి టీ తాగలేదట.

జూలై 7

మూడు రోజులుగా నా ఒళ్లు మండిపోతోంది. నలభై ఏళ్ల టీచరును, చిన్న పిల్లకు బొమ్మ స్టీరింగ్ ఇచ్చినట్టు నాకు ఉత్త పెడల్ ఇచ్చి కూర్చోబెట్టారు. అత్తయ్య ఊరంతా చెప్పిన కోడలి కాలు ఒక స్ప్రింగును తొక్కుతోంది!

ఇవాళ పొద్దున తొక్కలేదు. కాలు కావాలనే వెనక్కి పెట్టుకున్నాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఎప్పుడు మారాయో కళ్లు మూసుకుంటే తెలిసేది కాదు. ఆయన నా కాలి వైపు చూడలేదు. రోడ్డే చూశాడు. ఘాట్ బస్సులో ముసలమ్మలు ఎందుకు నిద్రపోయేవాళ్లో పదహారేళ్ల తర్వాత నాకు తెలిసింది. ఆ బస్సులో నేను ఎక్కింది తక్కువ, ఎక్కినా పక్కవాళ్లతో కబుర్లే.

ఇంకోటి కూడా తెలిసింది. తొండవాడ దగ్గర ఆ చప్పుడు వచ్చినప్పటి నుంచి నేను పని చేయలేదు. ఊరికే కూర్చున్నాను. వెళ్లినన్ని రోజులూ ఊరికే కూర్చున్నాను. ఏమీ కాలేదు.

అప్పటికీ కోపం పోలేదు. ఇంట్లో కూర ఉప్పగా చేశాను. మజ్జిగ పోసుకుని మొత్తం తిన్నాడు.

జూలై 11

డిపో నుంచి ఒకాయన వచ్చాడు. ఘాట్ రోడ్డుకు కొత్త డ్రైవర్లను తీసుకుంటున్నారట. వాళ్ల పక్కన కూర్చుని గేర్లు మార్చడం నేర్పించాలి. "చెంగయ్యన్నా, కాలు పని లేదు. నోరుంటే చాలు" అన్నాడు ఆ వచ్చినాయన.

నేను వంటింట్లో ఉన్నాను. ఈయన ముఖం కనపడలేదు గానీ, కుర్చీ ముందుకు జరిగిన చప్పుడు వినపడింది.

"పొద్దన్నే డ్యూటీనా?"

"అంతే కదన్నా. కొండకు తొలి బండ్లతోనే."

కుర్చీ మళ్లీ వెనక్కి జరిగింది. తర్వాత ఆయన అన్నాడు: "కుదరదప్పా. ఆ టయానికి మా ఇంట్లోదాన్ని బడికి తీసకపోవాల. ఆమెను వదిలిపెట్టి ఎట్ల వచ్చేది?"

గరిటె చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ మాట నాది. ఫిబ్రవరిలో భారతమ్మగారికి నేను చెప్పిన మాట. ఇప్పుడు అదే ఆయన నోట్లో ఉంది. నా కోపం ఎటు పోయిందో తెలియదు.

జూలై 13, సోమవారం

ఆయన స్నానం చేస్తుండగానే కేరియరు సంచిలో పెట్టుకుని బయల్దేరాను. అత్తయ్య చూసింది. "యాడికే?" అంది. "బస్సుకు" అన్నాను. ఆవిడ నోట్లో వక్క నమలడం ఆగింది. "పో, పో. వాడికి నేను చెప్తాలే" అంది.

చంద్రగిరి బస్సు నిండుగా ఉంది. ఒక కాలు మెట్టు మీద పెట్టాను. పాల సంగతి గుర్తుకు రాబోయింది. రెండో కాలు కూడా పెట్టేశాను. వెనకెవరో "జరగమ్మా" అని తోశారు. అంతే, లోపల ఉన్నాను.

  రెండు చేతులతో కమ్మీ పట్టుకుని నిలబడ్డాను. డ్రైవరు కుర్రాడు ఒకటో గేరు వేశాడు. బండి వణికింది. ఇంజను మోత పెరిగింది, ఊపిరి బిగబట్టే చోటు వచ్చింది. నా ఎడమ కాలు దానంతటదే కిందికి ఒత్తింది.

"అమ్మా!" అన్నాడు పక్కన ఒక పెద్దాయన. "నా కాలమ్మా అది."

తప్పయిందన్నాను. రెండో గేరుకు మళ్లీ తొక్కాను. పెద్దాయన కాలు వెనక్కి తీసుకుని ఇంకో పక్కకు జరిగాడు. తొండవాడ వచ్చేసరికి నా చుట్టూ కాస్త ఖాళీ ఏర్పడింది. నేను ఎక్కాలు పాడుకుంటూ, నేలను తొక్కుకుంటూ బడికి చేరాను.  సమయానికి ముందే ఉన్నాను.

సాయంత్రం కూడా బస్సులోనే వచ్చాను. ఆయన వసారాలో కూర్చుని ఉన్నాడు. ఖాకీ చొక్కా వేసుకున్నాడు. అది పెట్టె అడుగున ఉన్నట్టు కూడా నాకు గుర్తులేదు. డిపోకు వెళ్లి వచ్చాడు. రేపటి నుంచి డ్యూటీ.

"డ్రైవరు ఎట్ల తోలినాడు?" అన్నాడు.

"గేరు మార్చేది రాదు. రెండు తూర్లు తొక్కినా కరకరమంటాది. మీ దగ్గరికే పంపాల."

నవ్వాడు. తర్వాత గొంతు సవరించుకుని, "ఆదివారం కొత్త కేబులు వేపిస్తాలే బండికి" అన్నాడు. నాకు తెలుసని ఆయనకు తెలుసు. ఆ ఉప్పటి కూర నాటి నుంచే.

"వద్దు" అన్నాను. "నా వైపున్న క్లచ్ అట్లే ఉండనీండి. నాకు ఆ స్ప్రింగు అలవాటైంది."

ఆయన తల ఊపాడు. జైపూరు కాలి మీద చెయ్యి వేసి అలా కూర్చున్నాడు. ఇంకో చెయ్యి నా వైపు చాపాడు. అత్తయ్య వీధిలోకి తిరిగి కూర్చుంది.

ఇంకా రాయాలని ఉంది గానీ, పొయ్యి మీద పాలు ఉన్నాయి. ఈసారి నిజంగానే.